గుడికీ బడికీ మధ్య గోడ లేని కాలం: సినిమాలో హైపేషియా, చరిత్రలో హైపేషియా

ఒక శిష్యుడు తన గురువుకి ఉత్తరం రాశాడు. రోజులు అస్సలు బాగాలేవనీ, నీళ్ళ బరువు తూచే సాధనం ఒకటి చేయించి పంపమనీ అడిగాడు. అది ఎలా ఉండాలో కూడా విడమరిచాడు: వేణువు ఆకారంలో, అంతే పొడుగున ఒక గొట్టం, దాని మీద నిలువు వరసలో గాట్లు, నీళ్ళలో నిటారుగా నిలబడటానికి అడుగున శంకువు లాంటి బరువు. ఉత్తరం రాసినాయన పేరు సినేసియస్, ఊరు ఇప్పటి లిబియాలోని సైరీన్. అందుకున్న గురువు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గణితమూ తత్వమూ బోధించే హైపేషియా. సినేసియస్ చివరికి క్రైస్తవ బిషప్పు అయ్యాడు. హైపేషియాని క్రైస్తవ మూక చంపింది. ఈ రెండు వాక్యాలూ ఒకే కథలోవి. ప్రాచీన కాలపు మతం మీద, తత్వం మీద తీసే సినిమాలు తడబడేది సరిగ్గా ఈ రెండు వాక్యాల మధ్యే.

హైపేషియా మీద వచ్చిన పెద్ద సినిమా 2009 నాటి ‘అగోరా’. స్పెయిన్ దర్శకుడు అలెహాండ్రో అమెనాబార్ తీశాడు, రేచెల్ వైస్ హైపేషియాగా చేసింది. మాల్టాలో వేసిన భారీ సెట్లలో అలనాటి అలెగ్జాండ్రియా లేచి నిలబడుతుంది. నాకు ఈ సినిమా చాలా ఇష్టం. ఒక గణిత సమస్య మనిషిని రాత్రింబవళ్ళు ఎలా వెంటాడుతుందో ఇంత ప్రేమగా చూపించిన సినిమాలు తక్కువ. అయితే సినిమా అయిపోయాక మనసులో మిగిలే కథ ఒకటుంది: ఒక పక్క విజ్ఞానం, ఇంకో పక్క మతం, మధ్యలో నాశనమైన గ్రంథాలయం, బలైపోయిన ఒక మేధావి, ఆ తర్వాత వందల ఏళ్ళ చీకటి. ఆ కథని ఎక్కడెక్కడి ముక్కలు తెచ్చి కుట్టారో కుట్లు విప్పి చూస్తేనే తెలుస్తుంది.

ముందు ఆ హత్య సంగతి. క్రీ.శ. 415 మార్చి నెల, ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాలు. ఇంటికి తిరిగి వస్తున్న హైపేషియాని ఒక గుంపు బండిలోంచి లాగేసింది. సీజేరియం అనే చర్చికి ఈడ్చుకెళ్ళి, బట్టలు ఊడదీసి, పెంకులతో చంపి, శరీరాన్ని ముక్కలు చేసి తీసుకెళ్ళి తగలబెట్టారు. గుంపుకి ముందు నిలబడ్డవాడు పీటర్, చర్చిలో గ్రంథపఠనం చేసే చిన్న ఉద్యోగి. ఇదంతా మనకు చెప్పినవాడు సోక్రటీస్ స్కొలాస్టికస్. పేరు చూసి ఏథెన్స్ తత్వవేత్త అనుకోకండి, ఈయన 439 ప్రాంతంలో చర్చి చరిత్ర రాసిన క్రైస్తవుడు. ఈ ఘోరం బిషప్ సిరిల్‌కే కాకుండా అలెగ్జాండ్రియా చర్చి మొత్తానికీ మచ్చ తెచ్చిందనీ, హత్యలకూ కొట్లాటలకూ క్రీస్తు మార్గంలో చోటే లేదనీ రాశాడు. హైపేషియా తరఫున మనకు దొరికిన మొదటి గొంతు ఒక క్రైస్తవుడిది. ఈ సంగతి తెలిసిన రోజు నుంచీ నాకు ‘రెండు పక్షాల’ కథ మీద నమ్మకం సడలింది.

ఇంతకీ ఎందుకు చంపారు? స్కొలాస్టికస్ చెప్పే కారణంలో నక్షత్రాలూ లేవు, గణితమూ లేదు. ఊరి రాజకీయం ఉంది. 412లో బిషప్ థియోఫిలస్ చనిపోయాడు. వారసత్వం కోసం జరిగిన గట్టి పోటీలో అతని మేనల్లుడు సిరిల్ నెగ్గాడు. రోమన్ సామ్రాజ్యం తరఫున ఊరిని ఏలే అధికారి ఒరెస్టెస్. బిషప్పు తన అధికారంలోకి చొరబడుతున్నాడని అతని కోపం. యూదులకూ క్రైస్తవులకూ జరిగిన గొడవల్లో రక్తం పారింది, సిరిల్ యూదుల్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టించాడు, దాంతో ఇద్దరి మధ్యా పూర్తిగా చెడింది. సిరిల్ రాజీకని సువార్త గ్రంథం చేతపట్టి ముందుకు చాపాడు, ఒరెస్టెస్ లొంగలేదు. నైట్రియా ఎడారి నుంచి 500 మంది దాకా సన్యాసులు ఊళ్ళోకి దిగి అతని బండిని అడ్డగించారు. నువ్వు విగ్రహారాధకుడివని తిట్టారు. ‘నేను క్రైస్తవుణ్ణే, కాన్‌స్టాంటినోపుల్‌లో బాప్తిస్మం తీసుకున్నాను’ అని ఒరెస్టెస్ మొత్తుకున్నా వినలేదు. అమ్మోనియస్ అనే సన్యాసి విసిరిన రాయి అతని తలకి తగిలింది. ఆ సన్యాసిని పట్టుకుని చిత్రహింసలు పెడితే ప్రాణం పోయింది. సిరిల్ అతన్ని ధర్మవీరుడిగా ప్రకటించబోతే, బుద్ధిగల క్రైస్తవులే ఒప్పుకోలేదు. సిరిల్ కూడా మెల్లగా ఆ మాట మానుకున్నాడు.

ఈ టెన్షన్‌లోకి ఒక పుకారు వచ్చి పడింది. ఒరెస్టెస్ తరచు హైపేషియాని కలుస్తాడు, బిషప్పుతో రాజీ పడకుండా అడ్డం పడుతున్నది ఆవిడే అని. చంపింది ఆ పుకారు. చూడండి, పోట్లాడుకున్న ఇద్దరు పెద్దమనుషులూ క్రైస్తవులే. మధ్యలో ఏ చర్చి రక్షణా లేని, ఏ పదవీ లేని, ఊరంతా ఎరిగిన ఒక స్త్రీ. అధికారి మీద చెయ్యి వేస్తే సామ్రాజ్యం ఊరుకోదు. ఆమె మీద వేస్తే అడిగేవాళ్ళు లేరు.

సినిమాలో ఈ వరుస బాగా మారింది. సిరిల్ చర్చిలో నిలబడి స్త్రీలు నోరు మెదపకూడదనే వాక్యాలు చదువుతాడు, అందరినీ మోకరిల్లమంటాడు, ఒరెస్టెస్ ఒక్కడే నిలబడిపోతాడు. దృశ్యంగా గొప్పగా ఉంటుంది. కానీ దానితో పాలనాధికారం కోసం జరిగిన పోరు కాస్తా ఒక స్త్రీ పాండిత్యం మీద జరిగిన దాడిగా మారిపోయింది. సినిమాలో చూపినట్టు ఒరెస్టెస్ ఆమె దగ్గర చదువుకున్నాడని ఏ పాత ఆధారమూ చెప్పదు. ఆమెను ప్రేమించే బానిస డేవస్ పూర్తిగా కల్పన. హత్య చేసినవాళ్ళుగా సినిమా చూపించేది నల్లబట్టల పారబలానీలని. రోగులకు సేవ చేయడం వీళ్ళ పని, అవసరమైతే బిషప్పుకి కండబలం కూడా వీళ్ళే. స్కొలాస్టికస్ వీళ్ళ పేరెత్తలేదు. అయితే 416లో, హత్య జరిగిన మరుసటి ఏడే, అలెగ్జాండ్రియాలో పారబలానీల సంఖ్య 500 దాటకూడదనీ, కోర్టులకీ ప్రదర్శనలకీ పోకూడదనీ చక్రవర్తి చట్టం చేశాడు. కాబట్టి సినిమా ఊహకి ఆసరా ఉంది. 418లో ఆ సంఖ్య 600 అయింది, వాళ్ళు మళ్ళీ బిషప్పు చేతి కిందికే వచ్చారు.

స్కొలాస్టికస్ తర్వాత ఇంకో ఇద్దరు సాక్షులున్నారు. 6వ శతాబ్దంలో దమస్కియస్ అనే తత్వవేత్త, పాత దేవతల్ని కొలిచేవాడు, సిరిల్ అసూయే కారణమన్నాడు. హైపేషియా గుమ్మం ముందు జనం, గుర్రాలు కిక్కిరిసి ఉండటం చూసి ఓర్వలేకపోయాడని రాశాడు. 7వ శతాబ్దంలో ఈజిప్టు బిషప్, నికియు ఊరి జాన్, ఈ చంపడాన్ని మెచ్చుకున్నాడు. అతని దృష్టిలో ఆమె నక్షత్ర యంత్రాలతో జనాన్ని మాయ చేసిన మంత్రగత్తె. ముగ్గురూ మూడు కాలాలవాళ్ళు, మూడు అవసరాలున్నవాళ్ళు. ‘అసూయపడిన మతం’ అనే రంగు దమస్కియస్ నుంచి, ‘మంత్రగత్తె’ అనే కేక జాన్ నుంచి వచ్చాయి. పుకారు, అధికారం, మూక అనే మామూలు మురికి కథ స్కొలాస్టికస్‌ది. అన్నిటికంటే పాతది అదే, నాకు నమ్మబుద్ధయ్యేదీ అదే.

ఇక గ్రంథాలయం. ఇక్కడ మూడు వేరువేరు సంగతులు ఒకదానిమీద ఒకటి పడిపోయాయి. ఈజిప్టుని ఏలిన టోలమీ రాజుల కాలపు ప్రఖ్యాత గ్రంథాలయం ఒకటి. అది ఒక్క రాత్రిలో పోలేదు. క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ యుద్ధంలో కొంత కాలిందంటారు, తర్వాత పోషణ తగ్గింది, క్రీ.శ. 272 ప్రాంతంలో అరేలియన్ చక్రవర్తి యుద్ధంలో ఆ రాజవీధుల పేటే ధ్వంసమైంది. హైపేషియా పుట్టేనాటికి ఆ గ్రంథాలయం ఒక జ్ఞాపకం. రెండోది సెరాపియం, సెరాపిస్ దేవుడి గుడి. అందులో ఒకప్పుడు పుస్తకాలు ఉండేవి. 391 ప్రాంతంలో బిషప్ థియోఫిలస్ హయాంలో క్రైస్తవులు దాన్ని కూల్చారు. ఆ కూల్చివేతను వర్ణించిన పాత రచయితలు విగ్రహం గురించి, రాళ్ళ గురించి రాశారు కానీ పుస్తకాలు తగలబెట్టారని రాయలేదు. అంతకుముందే రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ ఆ గుడి పుస్తకాల గురించి ‘ఉండేవి’ అని భూతకాలంలో రాశాడు. మూడోది హైపేషియా హత్య, అది 415లో. గుడికీ హత్యకీ మధ్య 24 ఏళ్ళ దూరం. ఈ మూడింటినీ కలిపి ఒకే మంటగా చూపించే అలవాటు 1980లో కార్ల్ సేగన్ టీవీ ధారావాహిక ‘కాస్మోస్’తో ప్రపంచమంతా పాకింది. సినిమా ఆ దారిలోనే నడిచింది. అయితే ఒక న్యాయం చేసింది: సెరాపియం గొడవలో మొదట కత్తి దూసింది పాత దేవతల పక్షంవాళ్ళే అని చూపించింది. పాత ఆధారాలు చెప్పేదీ దాదాపు అదే.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది మాత్రం సినిమాలోని దీర్ఘవృత్తం. చివర్లో హైపేషియా ఇసుకలో గీతలు గీస్తూ, భూమి సూర్యుడి చుట్టూ వృత్తంలో కాకుండా దీర్ఘవృత్తంలో తిరుగుతుందని కనిపెడుతుంది. ఇది ఖగోళవేత్త కెప్లర్ 1609లో ప్రకటించిన సంగతి. హైపేషియా ఇలా అనుకుందనడానికి ఆధారం ఏదీ లేదు. ఆమె పని ఏమిటో కొంత తెలుసు. టోలమీ అనే ఖగోళవేత్త (పైన చెప్పిన రాజుల్లో ఒకడు కాదు) రాసిన గ్రంథం ‘అల్మజెస్ట్’ మీద తండ్రి థియోన్ వ్యాఖ్యానం రాశాడు. దాని మూడో భాగం తలమీద, ఇది నా కూతురు, తత్వవేత్త హైపేషియా సరిచూసిన ప్రతి అని స్వయంగా రాసుకున్నాడు. అల్మజెస్ట్ భూమిని మధ్యలో పెట్టే గ్రంథం. పాత గ్రీకు గణితజ్ఞులు డయోఫాంటస్ రాసిన అంకగణితానికీ, అపొలోనియస్ రాసిన శంకుచ్ఛేదాలకీ (శంకువుని కోస్తే వచ్చే వంపుగీతల గ్రంథానికీ) కూడా ఆమె వ్యాఖ్యానాలు రాసింది, అవి దొరకలేదు. అపొలోనియస్ గ్రంథంలో దీర్ఘవృత్తాలూ ఉన్నాయి కాబట్టి దర్శకుడి ఊహ మరీ గాల్లోంచి రాలేదు.

అయినా ఆ కల్పన అవసరమైంది ఎందుకు? వ్యాఖ్యానం రాయడం తెరమీద గొప్పగా కనబడదు కాబట్టి. ఆమె చేసింది పాత గ్రంథం ప్రతులు పక్కపక్కన పెట్టుకుని తప్పులు దిద్దడం, లెక్కలు మళ్ళీ వేసి చూడటం, విద్యార్థికి అర్థమయ్యేట్టు విడమరచడం. మల్లినాథసూరి లేకుండా కాళిదాసుని చదవబోయిన తెలుగువాళ్ళకి ఆ పని విలువ నేను చెప్పనక్కర్లేదు. గ్రీకు గణితం మన దాకా రావడానికి కారణం ఇలాంటి వ్యాఖ్యాతలే. సినిమా ఆమె చేతిలోంచి ఈ పనిని తీసేసి, 1,200 ఏళ్ళ తర్వాతి మగవాడి కీర్తిని పెట్టింది. గౌరవం అనుకునే చేశారు. నాకు మాత్రం ఆమె నిజంగా చేసిన పని చిన్నదన్నట్టు అనిపించింది.

పైగా ఆమెకి గణితం దేనికి? ఆమె నియోప్లేటోనిస్టు. మూడో శతాబ్దపు తత్వవేత్త ప్లొటైనస్ నుంచి వచ్చిన ఈ దర్శనంలో అన్నిటికీ మూలం ‘ఏకం’, మాటకీ రూపానికీ అందనిది. ఆత్మ అక్కడి నుంచే వచ్చింది, అక్కడికే తిరిగి వెళ్ళాలి. కంటికి కనబడే వస్తువుల నుంచి మనసు పైకి ఎక్కడానికి గణితం నిచ్చెన. వృత్తాన్ని ధ్యానించినవాడు గుండ్రటి చక్రాన్ని దాటి ఆలోచించడం నేర్చుకుంటాడు. అంటే ఆమె లెక్కలు చెప్పే గదిలో జరుగుతున్నది సగం సాధన. దాన్ని విజ్ఞానం అనాలా, తత్వం అనాలా, మతం అనాలా? మూడూ కలిసి ఉన్నదాన్ని మనం మూడు ముక్కలు చేసుకుని, ముక్కల మధ్య యుద్ధం పెట్టాం.

మన భాషలోనే దీనికి చిన్న ఆధారం ఉంది. ‘మతం’ అంటే మొదట్లో అభిప్రాయం, సిద్ధాంతం. ‘నా మతంలో’ అంటే నా ఉద్దేశంలో అని. అద్వైత మతం అన్నప్పుడు ఆ పాత అర్థమే పలుకుతుంది. తత్వాన్నేమో ‘దర్శనం’ అన్నారు, గుడికి వెళ్ళి చేసుకునేదీ దర్శనమే. ఈ రెండు మాటల్నీ ఇవాళ్టి అర్థాల్లో బిగించి పాత కాలం మీదికి తీసుకెళితే కళ్ళజోడు తప్పుడు నంబరుది పెట్టుకున్నట్టే. గ్రీకు ప్రపంచంలోనూ అంతే. అక్కడ తత్వం ఒక జీవన విధానం: ఏం తినాలి, ఎలా చావాలి, దేవుళ్ళని ఎలా తలచాలి అన్నీ అందులోవే.

సినేసియస్ దగ్గరికి మళ్ళీ వద్దాం. 410 ప్రాంతంలో టోలమాయిస్ అనే ఊరి జనం అతన్ని బిషప్పుగా కావాలన్నారు. తన అన్నదమ్ముడికి రాసిన ఉత్తరంలో అతను పెట్టిన షరతులు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. భార్యను వదలను, ఆమెతో దొంగచాటుగా కాపురం చేయను, పిల్లలు ఇంకా కావాలి అన్నాడు. ఆత్మ శరీరం తర్వాత పుట్టిందంటే నమ్మలేనన్నాడు. లోకం మొత్తం నశిస్తుందంటే ఒప్పుకోనన్నాడు. పునరుత్థానం ఒక పవిత్ర రహస్యం, దాని గురించి జనం అనుకునేది నా ఆలోచన కాదన్నాడు. ఇంట్లో తత్వవేత్తగా, బయట కథలు చెప్పేవాడిగా ఉండనిస్తే సరే అన్నాడు. ఇవన్నీ బిషప్ థియోఫిలస్‌కి తెలియాలనే రాశాడు. థియోఫిలస్ అంటే సెరాపియాన్ని కూల్పించిన మనిషే. సినేసియస్ పెళ్ళి చేసిందీ ఆయనే, ఈ షరతులన్నీ తెలిసీ బిషప్పుని చేసిందీ ఆయనే. సినిమా విలన్‌గా చూపించే తరానికి చెందిన మనిషి, హైపేషియా శిష్యుణ్ణి ఆమె తత్వంతో సహా చర్చిలోకి తీసుకున్నాడు.

కొడుకులు చనిపోయి మంచాన పడ్డాక సినేసియస్ ఆమెకి రాసిన ఉత్తరంలో తల్లీ, సోదరీ, గురువూ అని పిలుస్తాడు. బిషప్పు అలా పిలిచాడు, ఆమె క్రైస్తవురాలు కానే కాదు. 413 తర్వాత అతని ఉత్తరాలు లేవు, ఆమె హత్యకు ముందే పోయాడని పండితుల అంచనా. సినిమాలో మాత్రం చివరిదాకా బతికే ఉంటాడు, బాప్తిస్మం తీసుకొమ్మని ఆమెను ఒత్తిడి చేస్తాడు. నా దృష్టిలో ఈ సినిమాలో అతి పెద్ద నష్టం ఇది. దీర్ఘవృత్తం కంటే, గ్రంథాలయం కంటే కూడా. ఒకే గుండెలో ఇమిడిన రెండు లోకాలని చూపించడానికి చరిత్ర స్వయంగా ఒక పాత్రని ఇచ్చింది. దాన్ని ఒక పక్షం గొంతుగా మార్చేశారు.

ఇది ఒక్క సినిమా దోషం కాదు. 1951లో వచ్చిన ‘క్వో వాదిస్’ లాంటి హాలీవుడ్ భారీ చిత్రాల్లో క్రైస్తవులు నిర్మలులు, రోమన్ మతం అంటే విందులూ విగ్రహాలూ క్రూరత్వమూ. 2009కి వచ్చేసరికి క్రైస్తవులు మూక అయ్యారు. పక్షాలు తారుమారయ్యాయి, మధ్యలో గీసిన గీత మాత్రం అక్కడే ఉంది. ఆ గీత సినిమాకంటే చాలా పాతది. 1720లో జాన్ టోలండ్ అనే రచయిత చర్చి పెద్దల్ని దుయ్యబట్టడానికి హైపేషియా కథని వాడుకున్నాడు. 1853లో చార్లెస్ కింగ్స్‌లీ తన నవలలో ఆమెను అందాల యువతిని చేశాడు. చనిపోయేనాటికి ఆమెకి 45 నుంచి 60 మధ్య వయసు ఉంటుందని చరిత్రకారుల లెక్క. నెరిసిన జుట్టు హైపేషియాని మనకి ఎవరూ చూపించలేదు.

ఏథెన్స్ సోక్రటీస్ విషయంలోనూ ఇదే చిక్కు. క్రీ.పూ. 399లో అతని మీద మోపిన నేరాలు ఊరి దేవుళ్ళని గుర్తించకపోవడం, కొత్త దైవాలని తేవడం, యువకుల్ని చెడగొట్టడం. మూఢనమ్మకం ప్రశ్నించేవాణ్ణి చంపిందని మనం వెంటనే అనేసుకుంటాం. కానీ ప్లేటో రాసిన సోక్రటీస్ తన అన్వేషణంతా డెల్ఫీ దేవవాణితో మొదలైందంటాడు, తప్పు చేయబోతే ఆపే ఒక దైవస్వరం చిన్నప్పటి నుంచీ తనకు వినిపిస్తుందంటాడు. విషం ఒళ్ళంతా పాకుతున్నప్పుడు అతని ఆఖరి మాట, అస్క్లీపియస్ దేవుడికి ఒక కోడిపుంజు బాకీ ఉన్నాం, మరిచిపోకుండా చెల్లించమని. హేతువుకి మారుపేరైన మనిషి చివరిగా తలుచుకున్నది ఒక మొక్కు. 1971లో ఇటలీ దర్శకుడు రోబెర్టో రోసెల్లినీ టీవీ కోసం తీసిన ‘సోక్రటీస్’ పెద్ద డ్రామా జోలికి పోకుండా మాటల మీదే నడుస్తుంది, మరుసటి ఏడు క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ మీద కూడా తీశాడు. నిదానంగా సాగే ఆ పద్ధతికి ఓపిక కావాలి, అందుకే అనుకుంటా పెద్ద తెర అటు పోదు.

తెరకి ఎదురెదురుగా నిలబడే ఇద్దరు కావాలి. లోపల లోపలే నలిగే మనిషిని చూపించడం కష్టం. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ‘ఆమెతో పాటే ప్రాచీన విజ్ఞానం అంతరించింది’ అనే ముగింపుని మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే అలెగ్జాండ్రియాలో బడి మూతపడలేదు. హైపేషియా పోయిన వందేళ్ళకి అమ్మోనియస్ అనే మరో తత్వవేత్త, రాయి విసిరినవాడు కాదు, పాత దేవతల్ని కొలిచేవాడు, అక్కడ అరిస్టాటిల్‌ని బోధిస్తున్నాడు. అతని పాఠాలు రాసిపెట్టిన శిష్యుడు జాన్ ఫిలోపోనస్ క్రైస్తవుడు. బరువైన వస్తువు తేలికదానికంటే ఎన్నో రెట్లు వేగంగా పడుతుందన్న అరిస్టాటిల్ మాటని, పడేసి చూస్తే అలా జరగదు అంటూ ఖండించింది ఈ ఫిలోపోనసే.

ఆ బడి గదులు కూడా దొరికాయి. అలెగ్జాండ్రియా నడిబొడ్డున కోమ్ ఎల్-దిక్కా అనే చోట పోలండ్ పురావస్తు శాస్త్రవేత్తలు ఇరవై దాకా ఉపన్యాస మందిరాలు తవ్వి తీశారు. 5వ శతాబ్దం చివరి నుంచి 7వ శతాబ్దం దాకా వాడుకలో ఉన్నవి. గోడల వెంట మెట్లు మెట్లుగా రాతి అరుగులు, చాలా గదుల్లో గుర్రపు లాడం ఆకారంలో వంగి ఉంటాయి. ఆ వంపు మధ్యలో, కాస్త ఎత్తు మీద, గురువు కూర్చునే రాతి పీఠం.